వైట్‌నర్ పూసిన మందుల చీటీ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒకరి చేతిలోని కాగితం ఒకరి చేతిలోనే ఉండిపోవడం నేను చూడలేదు. పొద్దున కోచింగ్ సెంటర్లో ఎవరో రాసుకున్న నోట్సు సాయంత్రానికి జిరాక్స్ షాపు ముందు స్పైరల్ బైండింగ్‌తో వేలాడుతుంది. రాసినవాళ్ల పేరున్న చోట వైట్‌నర్ పూసి కాపీలు తీయడం అక్కడి మర్యాద. నేను హాస్టల్లో ఉన్న నాలుగేళ్లలో నా నోట్సు కూడా అలా చాలా చేతులు మారింది. నాకు ఉద్యోగం రాలేదు గానీ, నా నోట్సు చదివిన ఇద్దరికి వచ్చింది. దాన్ని నేను చాలాకాలం నా సర్వీసుగానే చెప్పుకునేదాన్ని.

ఇది అలా చేతులు మారిన ఒక మందుల చీటీ సంగతి. దానిమీద నా పేరుకు వైట్‌నర్ పూసింది నేనే.

ముందు నా గడ్డం గురించి చెప్పాలి. చిక్కడపల్లిలో కనుబొమ్మలు తీయించుకోవడానికి వెళ్లే పార్లర్ ఒకటి ఉండేది. ఒకరోజు అక్కడి ఆమె దారం పళ్ల మధ్య పట్టుకుని, నా మొహాన్ని లైటు వైపు తిప్పి, వెనక కూర్చున్న నలుగురికీ వినపడేలా అడిగింది.

"అక్కా, ఐబ్రోస్ ఒక్కటేనా, గడ్డం గూడ చెయ్యాల్నా?"

నలుగురూ ఫోన్లలోంచి తలలెత్తారు.

"ఐబ్రోస్ చాలు," అన్నాను. "గడ్డం ఇంటర్వ్యూ దాక ఉంచుకుంట. కొంచెం పెద్దరికంగ ఉంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిక్కడపల్లి నుంచి హాస్టల్ దాకా పంటినొప్పి ఉన్నదానిలా చేతిరుమాలు దవడకు అడ్డం పెట్టుకుని నడిచాను.

అప్పటికి నాలుగు నెలలుగా నాకు నెలసరి లేదు. ఈ విషయం నాకంటే ముందు హాస్టల్ ఆంటీ కనిపెట్టింది. ఆవిడ చెత్తబుట్టలు ఖాళీ చేయించేటప్పుడు దగ్గరుండి చూసేది. ఏ రూములో ఏం పడేస్తున్నారో, ఏం పడేయడం లేదో ఆవిడకు తెలుసు.

"మీ రూంల ఇద్దరు ఆడివిల్లలున్నరు. మూడు నెలల సంది ఒక్క ప్యాడ్ గూడ బయట పడలె. ఏం కథనే?" అని మెట్ల మీద నిలబెట్టి అడిగింది. కింద గేటు దగ్గర కూరగాయలాయన బండి ఆపి మరీ విన్నాడు.

"కథేం లేదాంటీ. నీ సాంబార్‌కు భయపడి అది గూడ హాస్టల్ ఖాళీ చేసింది."

ఆవిడ నవ్వలేదు. నా పొట్ట వైపు ఒకసారి, ఆ పై మెట్టు మీద నిలబడిన నా రూమ్మేట్ పొట్ట వైపు ఒకసారి చూసి, "అట్లాంటిదేమన్న ఉంటే ముందే చెప్పుండ్రి. నా హాస్టల్ పేరు ఖరాబ్ చెయ్యకుండ్రి," అని దిగిపోయింది.

నా రూమ్మేట్ నాకంటే మూడేళ్లు చిన్నది. పాలమూరు వైపు పిల్ల. వాళ్ల అమ్మానాన్న ముషీరాబాద్ దగ్గర ఒక బస్తీలో ఉండి, కట్టే బిల్డింగుల దగ్గర సిమెంటు తట్టలు మోసేవాళ్లు. ఆ ఒక్క గదిలో పుస్తకం తెరవడానికి చోటు లేక ఈమెను హాస్టల్లో పెట్టారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరవుతోంది. మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక ఈవెంట్స్, అంటే ఒంటి సత్తా చూసే పరీక్షలు ఉన్నాయి. అందులో ఎనిమిది వందల మీటర్ల పరుగు ఉంది.

పోయినసారి కూడా ఆమె ఇక్కడిదాకా వచ్చింది. పరుగు రోజు పొద్దున్నే, మూడు నెలలుగా రాని నెలసరి వచ్చింది. ఆమెకు వస్తే మామూలుగా రాదు. పదిహేను రోజులు, అదీ కుళాయి విప్పినట్టు. రెండో రౌండు సగంలో ట్రాక్ మీద కూర్చుండిపోయింది. ఎవరో ఆడ కానిస్టేబుల్ తన చున్నీ ఇచ్చి బయటకు పంపించింది. ఈసారి తప్పితే మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. అందుకని ఆమెకు పరుగు కంటే తేదీ అంటే ఎక్కువ భయం. మంచం పక్కన గోడకు క్యాలెండర్ తగిలించి పెన్సిల్‌తో సున్నాలు చుట్టేది. ఆ సున్నాలకూ ఆమె ఒంటికీ ఎప్పుడూ సంబంధం ఉండేది కాదు.

నేను మొదట చూపించుకున్న డాక్టరు నన్ను కుర్చీలో పూర్తిగా కూర్చోనివ్వలేదు. స్కాన్ రిపోర్టును కిటికీ వైపు ఎత్తి చూసి, "పీసీఓడీ. బరువు తగ్గు. పెండ్లి చేస్కో. అన్నీ సెట్ అయితయి," అన్నాడు.

"రెండిట్ల ఏది ముందు చెయ్యాలె సార్?" అని అడిగాను.

ఆయన బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

రెండో డాక్టరు నారాయణగూడలో, బట్టల దుకాణం పైన చిన్న క్లినిక్‌లో ఉండేది. యాభై దాటిన మనిషి. స్కాన్ రిపోర్టు తీసి ఇస్తే దాన్ని చూడకుండా పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది. మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్ని రోజులకొకసారి వస్తుంది, అమ్మకెలా ఉండేది, ఇంట్లో షుగర్ ఎవరికుంది, ఎన్నింటికి పడుకుంటావు, రోజుకెన్ని గంటలు కుర్చీలో కూర్చుంటావు, రాత్రి హాస్టల్లో ఏం పెడతారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత కొన్ని విచిత్రమైనవి అడిగింది. తలనొప్పి వస్తుందా? వచ్చేముందు కళ్ల ముందు ఏమైనా మెరుస్తుందా? నీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ కాలిలో రక్తం గడ్డకట్టిందా, కాన్పు తర్వాత కాలు వాచిందా? సిగరెట్ అలవాటుందా? బీపీ చూసింది, బరువు చూసింది, గడ్డం కింద వెంట్రుకలను పార్లర్ ఆమె కంటే మర్యాదగా చూసింది. రక్తపరీక్షలు రాసి, అవి వచ్చాక మళ్లీ రమ్మంది.

అయిదుగురు కూర్చునే ఇంటర్వ్యూ బోర్డు అడిగినన్ని ప్రశ్నలు ఆమె ఒక్కతే అడిగింది. చివరి నాలుగింటికీ నేను లేదు, లేదు, లేదు, లేదు అని చెప్పి, నెగెటివ్ మార్కులు లేకుండా బయటపడ్డాననుకున్నాను.

రెండోసారి వెళ్లినప్పుడు స్కాన్ తీసి చూపించింది.

"ఈ నల్ల చుక్కలు గడ్డలు కావమ్మా. అండం ప్రతి నెలా పెరిగి బయటికి రావాలి. నీకు పెరగడం మొదలుపెట్టి మధ్యల ఆగిపోతున్నయి. అవే ఇవి."

"అంటే ప్రిపరేషన్ సగంల ఆపేసినయన్నట్టు మేడం."

నవ్వింది. నేను చూసినవాళ్లలో నా జోకుకు నవ్విన మొదటి డాక్టరు ఆవిడే. "అట్లనే అనుకో. కానీ ఇది అందరికీ ఒక్క తీరుగ ఉండదు. ఒకరికి షుగర్ దిక్కు పోతది. ఒకరికి వెంట్రుకల దిక్కు పోతది. పుల్లలెక్క సన్నగ ఉన్నోళ్లకు గూడ ఉంటది. కొందరికి మందే అక్కర లేదు. అందుకే నీది నీకు రాస్తున్న," అంటూ రాసింది. ఇరవై ఒక్క రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపే హార్మోన్ మాత్ర ఒకటి. నా షుగర్ అంచుమీద ఉందని రాత్రి అన్నంతో వేసుకునే మాత్ర ఇంకొకటి. ప్లేటులో అన్నం సగానికి తగ్గించి గుడ్డో పప్పో పెంచమంది. రోజూ ముప్పావు గంట నడవమంది. మూడు నెలలకు మళ్లీ వచ్చి బీపీ చూపించుకోమంది. ఈ చివరి వాక్యం కింద గీత కూడా గీసింది.

ఆ సాయంత్రం రూములో నేను డాక్టరమ్మను నటించి చూపించాను. హాస్టల్లో అది నా పని. పక్క రూముల వాళ్లు కూడా వచ్చి మంచాల మీద సర్దుకున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి దించి నా రూమ్మేట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, "తలనొప్పి వస్తదా అమ్మా? వచ్చేముందు కండ్ల ముందు ఏమన్న మెరుస్తదా?" అని అడిగాను.

"మెరుస్తది అక్కా," అంది ఆమె.

"ఏం మెరుస్తది?"

"గాజుముక్కల్లెక్క. వంకర వంకరగ. ఒక పక్క కనబడది గూడ. అటెంక తలకాయ పగిలిపోతది."

"అదృష్టవంతురాలివే. మాకు ట్యూబులైటు గూడ సరిగ్గ మెరువది," అన్నాను.

నవ్వారు. నేను రెండో ప్రశ్న వేశాను. "ఇంట్ల ఎవరికన్న కాన్పు అయినంక కాలు వాసిందా?"

"మా అమ్మకు వాసింది. తమ్ముడు పుట్టినంక. బానలెక్క అయింది కాలు. పెద్దాసుపత్రిల కడుపు మీద సూదులేసిన్రట, శానా రోజులు."

"కడుపు మీదనా? కుక్క కరిచింది గావచ్చు. మీకు చెప్పలె."

మంచాలు కదిలేంత నవ్వారు. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఏడాది నా జోకుల్లో బాగా పేలింది అదే. తర్వాత కొన్నాళ్లదాకా ఎవరికి ఏ నొప్పి వచ్చినా, "కుక్క కరిచింది గావచ్చు," అనడం మా ఫ్లోరులో వాడుకైపోయింది.

రెండో నెలలో నా నెలసరి డాక్టరు చెప్పిన తేదీకి వచ్చింది. చెప్పిన తేదీకి వచ్చింది ఆ నాలుగేళ్లలో అదొక్కటే, నోటిఫికేషన్లతో సహా. నా రూమ్మేట్ ఆ రోజు నా కంటే ఎక్కువ సంతోషపడింది. గోడ మీది క్యాలెండర్‌ను, నా మాత్రల అట్టను మార్చి మార్చి చూసింది.

"అక్కా, గీ గోలీలు ఏస్కుంటే డేట్ మనమే ఫిక్స్ చేసుకోవచ్చా?"

"ఎగ్జామ్ బోర్డు కంటే పక్కాగ."

"నాకు గూడ గా డాక్టరమ్మ తాన్కి పోవాలని ఉన్నదక్కా. కానీ ప్రాక్టీస్, టెస్ట్ సిరీస్..."

"ఎందుకు పోవుడు? నాది లేదా?"

నాది ఉంది. మా దగ్గర ఒకరికి మెటీరియల్ ఉన్నాక ఇంకొకరు మళ్లీ క్లాసుకు పోవడం సోమరితనం కాదు గానీ, తెలివితక్కువతనం. ఆ మధ్యాహ్నమే చీటీ తీసుకుని టేబుల్ మీద పెట్టాను.

"నీ పేరున్నది గదక్కా. మెడికల్ షాపాయన అడిగితే?"

"వైట్‌నర్ ఏస్తే అయిపాయె."

నా పేరు మీద, వయసు మీద, బరువు మీద, బీపీ అంకె మీద తెల్లగా పూశాను. త్వరగా ఆరాలని నోటితో ఊదాను కూడా. కింద గీత గీసిన చివరి వాక్యం అలాగే ఉంచాను. అది ఎవరూ చదవరని తెలుసు.

చీటీతో పాటు ఒక పేజీ షార్ట్ నోట్స్ కూడా రాసి జత చేశాను. అడగకుండానే. కారణాలు, లక్షణాలు, ఆహారం, మాత్రలు వేసుకునే విధానం, మరిచిపోతే ఏం చేయాలి. రెండు రంగుల పెన్నులతో రాశాను. డాక్టరు అడిగిన ప్రశ్నలు మాత్రం రాయలేదు. షార్ట్ నోట్స్ రాసేవాళ్లకు మొదట నేర్పే విద్య, ఏది వదిలేయాలో తెలుసుకోవడం. ప్రశ్నలు మెటీరియల్ కావు. అవి డాక్టరు తన సంతృప్తి కోసం అడిగినవి. అంతే అనుకున్నాను.

జిరాక్స్ తీయిస్తే మా హాస్టల్లో ఎనిమిది మంది తీసుకున్నారు. ఒకామె వాంతులై వారానికి మానేసింది. ఒకామెకు అసలు ఉన్నది థైరాయిడ్ అని తర్వాత తెలిసింది. మిగతావాళ్లలో కొందరికి పనిచేసింది, వాళ్లు నాకు చాక్లెట్లిచ్చారు. మెడికల్ షాపాయన ఎవరినీ ఏమీ అడగలేదు. కాగితం ఉంది, కాగితం మీద పేరు చేర్చి రాసి ఉంది. ఆయనకు చాలు.

నా రూమ్మేట్ మొదటి అట్ట పూర్తిచేసింది. ఏడు రోజుల విరామంలో అనుకున్న తేదీకి వచ్చింది, అయిదు రోజుల్లో ఆగింది. జన్మలో మొదటిసారి. రెండో అట్ట మొదలుపెట్టేముందు ఇద్దరం కూర్చుని వెనక నుంచి లెక్కవేసి, ఈవెంట్ రోజు మాత్రల మధ్యలో పడేలా చూసుకున్నాం. క్యాలెండర్ మీద ఆ రోజు చుట్టూ స్కెచ్ పెన్నుతో ఎర్రటి గడి గీసింది.

రోజూ పొద్దున్నే ఇందిరా పార్కుకు వెళ్లేవాళ్లం. ఆమె పరిగెత్తేది. నేను బెంచీ మీద కూర్చుని ఫోనులో టైము చూసేదాన్ని. నేను నడవాల్సిన ముప్పావు గంట అందులోనే కలిసిపోయిందని చెప్పుకునేదాన్ని.

"ఏయ్, తెల్ల టోపీ ముసలాయన నడుసుకుంట నిన్ను దాటిపోయిండు."

"ఆయన రిటైర్డ్ ఎస్సై అట అక్కా."

"మరి? ఆయన్నే మళ్లీ తీసుకుంటరు, నిన్ను తీసుకోరు."

ఆమెకు కోపం వచ్చి ఇంకో రౌండు పరిగెత్తేది. నా ఎగతాళికి ఆమె టైము తగ్గేది. నెల తిరిగేసరికి టైము గడువు లోపలికి వచ్చింది. ఆ రోజు నా ఫోన్ లాక్కుని అంకెలు మూడుసార్లు చూసుకుని, గడ్డి మీద వెల్లకిలా పడుకుంది. "అయితది అక్కా. ఈసారి అయితది," అంది.

పందొమ్మిది రోజులు మిగిలి ఉండగా ఎడమ కాలి పిక్కలో నొప్పి అంది.

"పరిగెత్తితే పిక్కలు నొస్తయి. కూసుంటే పిర్రలు నొస్తయి. గవర్నమెంటు ఉద్యోగం ఊకె రాదు," అన్నాను.

జండూబామ్ రాసి గట్టిగా మర్దన చేశాను. మూడు రోజులు, పూటకు పావుగంట. మొదట ఆమె దిండు కొరుక్కుని ఓర్చుకుంది, తర్వాత, "వద్దక్కా, జల్ది ఆపు," అని నా చెయ్యి నెట్టేసింది. నాకు కొంచెం కోపం వచ్చింది. సేవ చేస్తుంటే విలువ లేదనిపించింది.

నాలుగో రోజు ఆమె మెట్లు దిగుతుంటే హాస్టల్ ఆంటీ చూసింది. చెత్తబుట్టలే కాదు, ఆవిడ అన్నీ చూసేది.

"ఏందే గది? రెండు కాళ్లు ఇద్దరు మనుషులవి లెక్క ఉన్నయి?"

నేను అప్పుడు చూశాను. ట్రాక్ ప్యాంటు ఎడమ కాలు బిగుసుకుపోయింది. పైకి లాగితే పిక్క ఎర్రగా, మెరుస్తూ, ముట్టుకుంటే వేడిగా ఉంది.

"కుక్క..." అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నాలో ఉన్న మంచితనం ఆ రోజుకు అంతే.

"మొహాలు చూసుకుంట నిలబడ్డరేంది? ఆటో పిలువుండ్రి. పోరి కాలు పోతది," అని ఆంటీ నన్ను తిట్టి, తనే గేటు దాకా వెళ్లి ఆటోను ఆపింది.

నారాయణగూడ క్లినిక్‌లో డాక్టరు కాలు చూసి, వేలుతో నొక్కి, టేపుతో రెండు పిక్కలూ కొలిచింది. మొహం మారింది గానీ గొంతు మారలేదు. అవే ప్రశ్నలు అడిగింది.

"తలనొప్పి వచ్చేముందు కండ్ల ముందు ఏమన్న మెరుస్తదా?"

"గాజుముక్కల్లెక్క మేడం."

"ఇంట్ల ఎవరికన్న కాలు వాసిందా?"

"మా అమ్మకు. కాన్పు అయినంక. కడుపుల సూదులేసిన్రు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఏం మందులు వాడుతున్నవ్?"

ఆమె పర్సులోంచి మడతలు పడ్డ జిరాక్స్ కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. డాక్టరు తన చేతిరాతను తను చూసుకుంది. పేరు ఉండాల్సిన చోట బూడిదరంగు మరక, దాని మీద బాల్‌పెన్నుతో నా రూమ్మేట్ పేరు. కింద గీత గీసిన వాక్యం. కాసేపు ఆవిడ ఆ గీతనే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది నీది గద."

"అవును మేడం."

"ఈ హార్మోన్ మాత్ర అట్ల మెరుపులొచ్చే తలనొప్పి ఉన్నోళ్లకు ఇయ్యం. ఇంట్ల రక్తం గడ్డకట్టిన మనిషి ఉంటే అసలే ఇయ్యం. అందుకే అడుగుత. నేను నిన్ను అడిగినయి, నువ్వు ఈమెను అడిగినవా?"

"అడగలేదు మేడం," అన్నాను.

"అడిగింది మేడం," అంది నా రూమ్మేట్, నన్ను కాపాడుదామనే అనుకుంటా. "అక్క అన్నీ అడిగింది. నేను చెప్పిన. అందరం నవ్వినం."

నేను ఎన్నో గదుల్లో ఎన్నో నిశ్శబ్దాలను ఒక మాటతో పగలగొట్టినదాన్ని. అప్పుడు టేబుల్ మీది జిరాక్స్ మడతలు వేలితో సాపు చేస్తూ కూర్చున్నాను.

"మర్దన ఏమన్న చేసిన్రా?" అని మళ్లీ అడిగింది డాక్టరు.

"చేసిన," అన్నాను.

ఆవిడ పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి, మాత్రలు ఈ క్షణం నుంచి ఆపమని, నడిపించకుండా తీసుకెళ్లమని చెప్పింది. తలుపు దాకా వచ్చాక నాకు మాత్రమే వినపడేలా, "గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లకు పోకపోవడం మీ అదృష్టం," అంది. నీ అనలేదు, మీ అంది. ఆవిడ పెద్దమనిషి.

ఆసుపత్రిలో కాలికి స్కాన్ చేసి గడ్డ ఉందన్నారు. కడుపు మీద సూది వేయడానికి నర్సు వచ్చినప్పుడు నా రూమ్మేట్ కుర్తా అంచు పైకెత్తి పట్టుకుని, నా వైపు చూసి, "అక్కా, అమ్మకు కుక్క కరిచిందని చెప్పకు," అంది.

జోకులు చెప్పడం నా దగ్గరే నేర్చుకుంది. నేర్చుకోవడంలో ఎప్పుడూ చురుకే.

వాళ్లమ్మ పని మీంచి నేరుగా వచ్చింది. చేతివేళ్ల సందుల్లో సిమెంటు ఎండి ఉంది. కూతురి కాలును చూడగానే తన ఎడమ కాలి చీర పైకి జరిపి, పాతికేళ్ల కింద వాచిన చోటు వేలుతో చూపించింది. ఇంకా నల్లగా ఉంది. ఆమెకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. స్కాను రిపోర్టు చూడకుండానే ఆమెకు అంతా అర్థమైంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నువ్వు సదువుకున్నదానివి గద బిడ్డా," అంది. "నిన్ను చూసే గా రూంల ఉంచినం."

ఇంటికి పంపాక మూడు రోజులకు నారాయణగూడ డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లాం. అప్పుడు నా రూమ్మేట్‌కు ఆమె చీటీ ఆమెకు రాసింది. దానికి గంట పట్టింది. రక్తం పలచబడే మందు కనీసం మూడు నెలలు. అది వాడుతుంటే నెలసరి ఇంకా ఎక్కువ పోవచ్చని, అలా పోతే వెంటనే రమ్మని రెండుసార్లు చెప్పింది. ఆ హార్మోన్ మాత్ర ఇక జీవితంలో వద్దని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మాట ముందు చెప్పాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఆమె షుగర్ బాగానే ఉంది కాబట్టి నేను వేసుకునే రెండో మాత్ర కూడా అవసరం లేదంది. నెలసరి సంగతి కాలు కుదుటపడ్డాక, వేరే పద్ధతిలో. ఇద్దరిదీ ఒకే పేరున్న సమస్య. రెండు చీటీల్లో కలిసే మందు ఒక్కటి కూడా లేదు.

"మేడం, పరిగెత్తొచ్చా?" అని అడిగింది ఆమె. ఎర్ర గడికి ఎనిమిది రోజులుంది.

"ఇప్పుడు కాదమ్మా."

"నడువొచ్చా?"

"నడువాలె. కాలికి మేజోడు వేసుకుని, మెల్లగ."

ఆమె తలూపింది. నడవడం గురించి ఎందుకడిగిందో నేను ఆలోచించలేదు.

ఈవెంట్ రోజు పొద్దున నేను లేచేసరికి ఆమె బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఎడమ కాలికి మోకాలి దాకా బిగుతు మేజోడు. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

"ఏడికే?"

"పిలిచిన్రు గదక్కా. పోవాలె."

"పోయి ఏం చేస్తవే?"

"నువ్వు టైము చూడు. రోజు చూస్తవు గద."

ఇద్దరం ఆటో ఎక్కాం. మైదానం లోపలికి అభ్యర్థులనే పంపారు. నేను కంచె బయట తల్లులూ అన్నలూ ఉన్న గుంపులో నిలబడ్డాను. ఆమె బ్యాచ్ వచ్చేసరికి ఎండ ఎక్కింది. విజిల్ మోగింది. మిగతావాళ్లు ఒక్కసారిగా ముందుకు ఉరికారు. ఆమె నడక మొదలుపెట్టింది.

అలవాటు కొద్దీ నా వేలు ఫోను మీద నొక్కింది.

నా పక్కనున్న ఒకాయన, "గా పిల్లకేమైంది, మార్నింగ్ వాక్‌కు వచ్చినట్టున్నది," అన్నాడు. నలుగురు నవ్వారు. మంచి జోకే. వేరే రోజైతే నేనే వేసేదాన్ని.

ఆమె మొదటి రౌండు పూర్తయ్యేసరికి మిగతావాళ్లంతా ఆమెను దాటి రెండో రౌండు కూడా ముగించారు. గడువు అయిపోయింది. గీత దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్, "అమ్మా, టైమైపోయింది. పక్కకు రా," అని కేకేసింది. ఈమె చెయ్యెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేసి నడుస్తూనే ఉంది. "చెవుడా? నెక్స్ట్ బ్యాచ్ ఉన్నది!" అంటూ ఆ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లింది. ఈమె ఏదో చెప్పి కాలి మేజోడు చూపించింది. కానిస్టేబుల్ వెనక్కి తిరిగి తన ఆఫీసరు వైపు చూసింది, మళ్లీ ఈమె కాలు చూసింది. చివరికి ఆమెను ట్రాక్ అంచుకు జరిపి, తర్వాతి బ్యాచ్‌ను వరుసలో నిలబెట్టమని ఎవరికో చెప్పి, ఆ మిగిలిన దూరం పక్కన నడిచింది.

గేటు బయటికి వచ్చి ఆమె నా పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుంది. మేజోడు సర్దుకుంది. చెస్ట్ నంబరు పిన్నులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఎంతైంది?" అంది.

ఫోను చూసి చెప్పాను. "పదకొండు నిమిషాల నలభై."

"పోయినసారి సగంల కూసున్న. ఈసారి మొత్తం చేసిన." పిన్నులు పర్సులో వేసుకుంది. నా మొహంలోకి చూసింది. "తెల్ల టోపీ ముసలాయనైతే ఇంకా జల్ది చేస్తుండె గదా?"

నేను ఫోను సంచిలో పెట్టుకున్నాను.

"నవ్వవేందక్కా?" అంది. "నువ్వు నవ్వుతవనే చెప్పిన."